శ్రీరాంపూర్ బొగ్గు, రామగుండము ఎరువు

శ్రీరాంపూర్ గనులనుండి బొగ్గు నింపుకొని బయలుదేరు లారీలకును, రైలు పెట్టెలకును విరామ మనునది లేదు. ఆ గనులకు కొలది క్రోసుల దూరమున, గోదావరి ఆవలియొడ్డున, ఏటికి 12 లక్షల 70 వేల టన్నుల యూరియా చేయగల కర్మాగారము రామగుండమున గలదు. అయినను 2025 వానకారున తెలంగాణమందలి పెక్కు మండలములలో రైతులు యూరియా సంచికొరకు తెల్లవారకమునుపే సహకార సంఘముల వాకిండ్ల యెదుట బారులు దీరవలసి వచ్చెను. నిలువ నోపనివారు తమ చెప్పులను బారులో విడిచి, తాము చెట్టునీడను కూర్చుండిరి. వరి నాటి యెరువుకై ఎదురుచూచిన రైతునకు ఆ దినములు ఎట్లు గడచినవో మా పాఠకులలో పలువురకు స్వానుభవమే.

ఆ కొరతకు ప్రధానముగ రెండు కారణములు చెప్పబడినవి. విదేశములనుండి రావలసిన యూరియా సకాలమున రాకపోవుట యొకటి. రామగుండము కర్మాగారమే యంత్రదోషముచే ఆ ఋతువున చాలదినములు ఆగిపోవుట రెండవది. నేల మనది, నేలలోని బొగ్గు మనది, కర్మాగారము మన యూర నున్నది, పనివారు మనవారు. అయినను ఒక్క సంచి యెరువునకు ఓడరేవుల వంక చూడవలసిన దుస్థితి యేల పట్టినది? దేశీయ పరిశ్రమల క్షీణతను గూర్చియు, పునరుద్ధరణను గూర్చియు వేదికలపై వినవచ్చు ఉపన్యాసములకన్న ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుట మేలని మేము తలంచుచున్నాము.

పరిశ్రమకు మూడు మూలాధారములు గలవు: ముడిపదార్థము, యంత్రము, నేర్పు. ఈ మూడును పరాధీనములైనచో, గోడలు మన గ్రామమున నున్నను ఆ పరిశ్రమ మనది కాజాలదు. కనీసము రెండైనను మన చేతియం దున్నప్పుడే కష్టకాలమున అది మనల నాదుకొనును. ఈ కొలతతో బొగ్గుసీమ చరిత్రమును కొంచెము పరిశీలింతము.

బొగ్గు బయలుపడుటకు పూర్వమే ఉత్తర తెలంగాణమున కొలుము లుండెను. నిజామాబాదు మండలములోని కోనసముద్రమున తయారైన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చి అచటనే కొంతకాలము మకాము చేసెడివారని 19వ శతాబ్ది ఆదిని ఆ ప్రాంతమును చూచిన ఆంగ్లేయులు వ్రాసియున్నారు. ఇనుపఱాయి ఆ చుట్టుపట్లదే, కట్టెబొగ్గు అడవులదే, మూసను ముద్రవేసి, మంటను కొలిచి, ఉక్కును దింపు నేర్పు కమ్మరులది. మూడును అచటివే యగుటచేత ఆ ఉక్కు పేరు పశ్చిమాసియా వఱకును ప్రాకెను. సీమనుండి చవుక యినుము దిగుమతియైన పిదప కొలుములు చల్లారెను. కమ్మరి కుమారుడు నాగలికఱ్ఱుకు పదునుపెట్టుకొని బ్రదుకవలసిన వాడయ్యెను. ముడిపదార్థ మేమియు ఎచ్చటికిని పోలేదు. నేర్పు మాత్రము ఒకతరము మూలబడగనే నశించెను. నశించిన నేర్పును మరల సంపాదించుట గనిని త్రవ్వుటవంటిది కాదు.

తరువాతిది బొగ్గు కథ. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీకి త్రవ్వుకొను హక్కు లభించెను. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ యాయెను. 1945లో నిజాము ప్రభుత్వము వాటాలలో అధికభాగమును కొని దానిని సర్కారు సంస్థగ చేసికొనెను. నేడు నూటికి 51 వాటాలు తెలంగాణ రాష్ట్రమునకును, 49 వాటాలు కేంద్రమునకును గలవు. 2023-24లో ఈ సంస్థ ఏడుకోట్ల టన్నుల బొగ్గును తీసెను. అందు మిక్కిలి పెద్దభాగము విద్యుత్కేంద్రములకే పోవుచున్నది. రామగుండమున జాతీయ సంస్థవారి 2600 మెగావాట్ల కేంద్రమును, శ్రీరాంపూరునకు సమీపముననే జైపూరులో 2016లో వెలసిన సింగరేణివారి 1200 మెగావాట్ల కేంద్రమును ఈ బొగ్గుపైననే ఆధారపడియున్నవి.

విద్యుత్తును మేము తక్కువ చేయుట లేదు. మోటారుబావిపై బ్రదుకు రైతునకు దాని విలువ చెప్పనక్కఱ లేదు. అయినను ఒక్క విషయము గమనింపదగినది. 1990వ దశకపు ఆదిలో సింగరేణియందు లక్షకు పైబడి కార్మికు లుండిరి. నేడు స్థిరకార్మికులు నలుబదివేల ప్రాంతము. కాంట్రాక్టు కూలీల లెక్క వేరు. బొగ్గు ఇబ్బడి ముబ్బడియైనది. పని మూడవవంతుకు దిగినది. భూగర్భ గని తగ్గి ఓపెన్ కాస్టు పెరిగినకొలది యిట్లగుట సహజము. ఓపెన్ కాస్టుకు కావలసినది మనుష్యులకన్న భూమి. ఆ భూమి నిచ్చినవారు ఈ సీమ రైతులే. భూమి పోయి, పని తగ్గి, బొగ్గు బండ్లెక్కి పోవుచున్నప్పుడు, ఆ బొగ్గునుండి యింకేదేని వస్తువు ఇచటనే తయారుకావలెనని కోరుట అత్యాశ యగునా?

ఆ కోరిక పూర్వులకును లేకపోలేదు. 1934లో ఓరుగల్లున ఆజంజాహి నూలుమిల్లు, 1930వ దశకపు చివర బోధనున చక్కెర కర్మాగారము, కాగజునగరమున కాగితపు మిల్లు వెలసినవి. నిజాము పరిపాలనను పొగడుటకు మేమీ మాట చెప్పుట లేదు. ప్రత్తి పండుచోట నూలు, చెఱకు పండుచోట చక్కెర, వెదురు పెరుగుచోట కాగితము అను సూత్రము మంచిది గనుక చెప్పుచున్నాము. వాని గతి యేమైనదో అందఱెఱిగినదే. ఆజంజాహి మిల్లు 2002లో మూతపడెను. కాగితపు మిల్లు 2014లోను, చక్కెర కర్మాగారము 2015లోను ఆగెను. ఇందు కాగితపు మిల్లొకటే 2018లో క్రొత్త యాజమాన్యము క్రింద, ప్రభుత్వపు రాయితీలతో మరల తెరువబడినది. యంత్రములును, వానిని నడిపి యెఱిగిన పనివారును ఇంకను ఆ యూరనే యుండుట దాని పునర్జీవనమునకు తోడ్పడినది. మఱి పదునైదేండ్లు జాగు జరిగియున్నచో ఆ పనివా రుండెడివారు కారు.

ఇక రామగుండము. బొగ్గునుండి వాయువును, వాయువునుండి అమోనియాను, అమోనియానుండి యూరియాను చేయవలెనన్న సంకల్పముతో భారత ఎరువుల సంస్థవారు రెండు కవల కర్మాగారములను నిర్మించిరి. ఒకటి ఒడిశాలోని తాల్చేరున, రెండవది రామగుండమున. రెండును 1980 నవంబరు 1వ తేదీనుండి వ్యాపార సరళిని ఉత్పత్తిని ప్రారంభించినవి. దినమునకు 900 టన్నుల అమోనియా, 1500 టన్నుల యూరియా వాని నిర్ణీత సామర్థ్యము. సహజవాయువుకొరకుగాని, నాఫ్తాకొరకుగాని పరులముఖము చూడక, ప్రక్కగనిలోని బొగ్గుతోనే పైరునకు బలము చేకూర్చవలెనన్న ఆ తలంపు గొప్పది. దానికి మేము నేటికిని జోహా రొనర్తుము.

కాని తలంపు గొప్పదైనంతమాత్రమున పని నెరవేరదు. అందు వాడిన కోపర్స్-టోట్జెక్ పద్ధతి విదేశములలో పుట్టినది. మన బొగ్గున బూడిద యెక్కువ. బూడిద యంత్రములను ఒరసి తినివేయసాగెను. విద్యుత్తు తఱచుగ ఆగెడిది. అది ఆగినప్పుడెల్ల కర్మాగారము ఆగి, మరల అందుకొనుటకు కాలము పట్టెడిది. నిర్ణీత సామర్థ్యమునకు చాల దూరముననే ఉత్పత్తి నిలిచెను. నష్టములు పేరుకొనెను. 1992లో ఎరువుల సంస్థ ఖాయిలా పరిశ్రమల మండలి వాకిట నిలిచెను. 1999లో రామగుండమును తాల్చేరును ఆగిపోయెను. 2002లో సంస్థను మూసివేయుటకే కేంద్రము నిశ్చయించెను. ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ పేర ఇండ్లకు పంపబడిరి.

ఇచట ఒక పోలికను పాఠకులు మఱువరాదు. అదే దశకమున సింగరేణి కంపెనీ కూడ నష్టములచే ఆ ఖాయిలా మండలి వాకిలినే రెండుమారులు తొక్కెను. దానికి బాకీల విషయమున గడువును, సాయమును లభించెను. యాజమాన్యమును కార్మికులును కలసి దానిని లాభములలోనికి తెచ్చిరి. ఒకే సీమలో, ఒకే కాలమున, ఒకే రోగమునకు ఒకరికి మందిచ్చి, ఒకరిని శ్మశానమునకు పంపిరి. బొగ్గు లేనిదే విద్యుత్తు లేదు గనుక గనిని బ్రదికించిరి. యూరియా యన్ననో, ఓడలో తెప్పించుకొనవచ్చునని తలంచిరి. ఆనాటి ప్రపంచపు అంగడిలో అది చవుకగ దొరకుటయు నిజమే. చవుకగ దొరకునన్న ఒక్క కారణముచేత చేయుట మానుకొన్నచో, ధర పెరిగిననాడు చేయువాడును మిగులడు, అమ్మువాడును కరుణింపడు. కోనసముద్రపు కొలుములు చెప్పిన పాఠమిదియే.

పదునైదేండ్లకు పైగా ఆ ఆవరణమున తుప్పును తుమ్మలును పెరిగెను. 2011లో కేంద్రమంత్రివర్గము పునరుద్ధరణకు సమ్మతించెను. 2015లో రామగుండము ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ అను క్రొత్త సంస్థ యేర్పడెను. 2016 ఆగస్టు 7వ తేదీన శంకుస్థాపన జరిగెను. 2021 మార్చి 22వ తేదీన వ్యాపారోత్పత్తి ప్రారంభమయ్యెను. 2022 నవంబరు 12వ తేదీన ప్రధానమంత్రి దానిని జాతికి అంకిత మొనర్చెను. వెచ్చించిన ధనము ఆరువేల కోట్ల రూపాయలకు పైమాట. జాతీయ ఎరువుల సంస్థయు, ఇంజనీర్స్ ఇండియాయు చెరి నూటికి 26 వాటాలు గలవి. తెలంగాణ ప్రభుత్వమునకు 11 వాటాలు గలవు. దినమునకు 3850 టన్నుల యూరియా చేయు ఈ కర్మాగారము పూర్వపుదానికి రెండురెట్లకు మించినది. మూతపడిన ద్వారము తెరచుకొన్నందుకు మేము సంతోషించితిమి, నేటికిని సంతోషించుచున్నాము.

అయినను మేము పెట్టుకొన్న కొలతతో చూడవలెను గదా. ముడిపదార్థము సంగతి యేమి? క్రొత్త కర్మాగారము బొగ్గును ముట్టదు. గొట్టము ద్వారా వచ్చు సహజవాయువుతో నడుచును. దేశమునకు కావలసిన సహజవాయువులో సగమునకు దగ్గరగ విదేశములనుండి ద్రవరూపమున ఓడలలో వచ్చుచున్నది. సముద్రముపై యుద్ధము వచ్చినను, వాయువు ధర పెరిగినను ఆ వేడి రామగుండమునకు తగులును. యంత్రవిద్య సంగతి యేమి? అమోనియా పద్ధతి డెన్మార్కుది, యూరియా పద్ధతి ఇటలీది. నిర్మాణమును సమకూర్చిన ఇంజనీర్స్ ఇండియా మనది, అంతవఱకు మేలు. ఈ విధముగ మూడింట ఒకటి పూర్తిగను, ఒకటి సగముగను పరుల చేతిలో నున్నవి. కనుకనే 2025లో యంత్రము మొరాయించినపుడు శ్రీరాంపూర్ బొగ్గు గుట్టలు గుట్టలుగ నున్నను రైతునకు ప్రయోజనము లేకపోయెను.

దేశమంతటి లెక్క చూచినను ఇంతే. 2023-24లో మన కర్మాగారములు 314 లక్షల టన్నుల యూరియాను చేసినవి. అది అంతకు ముందెన్నడును ఎఱుగని పరిమాణము. ఆ యేడును 70 లక్షల టన్నులు దిగుమతి చేసికొనవలసివచ్చెను. కర్మాగారములు పెరిగినవి, పరాధీనత పోలేదు. స్వదేశమున చేసిన యూరియాలోనే విదేశపు వాయువు దాగియున్నది గనుక, ఆ 70 లక్షల లెక్కయు మన పరాధీనతను పూర్తిగ తెలుపదు.

దీనికి ప్రతిపక్షులు చెప్పు సమాధానము బలహీనమైనది కాదు. వాయువుతో చేసినచో ఖర్చు తక్కువ, పొగ తక్కువ, యంత్రము సులభము. బొగ్గుతో ఒకమారు చేతులు కాల్చుకొన్నవారము మరల కాల్చుకొననేల యని వారందురు. కవలలో రెండవదియైన తాల్చేరును చూపుదురు. అచట బొగ్గుతోనే యూరియా చేయవలెనని 2018లో శంకుస్థాపన చేసిరి. ఆరేండ్లు గడచినను ఉత్పత్తి ప్రారంభము కాలేదు. ఈ మాట నిజమే. అయితే ఆ తాల్చేరున బొగ్గును వాయువుగ మార్చు భాగమును నిర్మించు పని యెవరికి అప్పగింపబడినదో చూడుడు: చీనాదేశపు వూహానులోని సంస్థకు. చీనా తన యూరియాలో అధికభాగమును బొగ్గుతోనే చేసికొనుచున్నది. బొగ్గునుండి యూరియా చేయుట అసాధ్యమని మనము 1999లో విడిచితిమి. వారు విడువక సాధించిరి. పందొమ్మిదేండ్లపాటు మన యింజనీర్లు రామగుండమున బూడిదతో పోరాడి నేర్చుకొన్న అనుభవమంతయు విరమణ కాగితములతో ఇంటికి పోయినది. ఈనాడు దానినే పొరుగుదేశమునుండి కొనుచున్నాము. రామగుండము మూతవలన కలిగిన నష్టములలో ఇది ఏ జమాఖర్చు పుస్తకమునను చేరలేదు.

గనులలోని యంత్రముల కథయు ఇట్టిదే. గనుల యంత్రములను మనదేశముననే చేయవలెనని సోవియటు సాయముతో దుర్గాపురమున వెలసిన కర్మాగారము 2002లో మూతపడెను. 2010లో మూడు ప్రభుత్వ సంస్థలు కలసి దానిని వేలమున దక్కించుకొనియు మరల నడుపలేకపోయెను. లోతుగనులలో బొగ్గును కోయు లాంగ్ వాల్ యంత్రములకు నేటికిని విదేశములే శరణ్యము. డంపర్లను చేయు ప్రభుత్వ సంస్థ కర్ణాటకమున నుండుట ఒక యూరట. బొగ్గు త్రవ్వు దేశములలో ప్రపంచమున రెండవస్థానము మనది. ఆ త్రవ్వు పనిముట్టు మాత్రము అరువు.

ఇక ఆశకు తావెచట? తావు గలదు, అదియు దూరమున లేదు. హైదరాబాదులోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థవారు బూడిద యెక్కువగల మన బొగ్గునే వాయువుగ మార్చి, 2021లో దినమునకు పావు టన్ను మెథనాలును చేసి చూపిరి. పావు టన్ను చిన్నదే. కాని రామగుండమును ఓడించిన శత్రువు బూడిద. ఆ బూడిదను మనవారు, మన పద్ధతితో, మన నగరముననే జయింపగలిగిరి. 2030 నాటికి పదికోట్ల టన్నుల బొగ్గును వాయువుగ మార్చవలెనని కేంద్రము లక్ష్యము పెట్టుకొన్నది. 2024 జనవరిలో ఇందులకై 8500 కోట్ల రూపాయల ప్రోత్సాహము ప్రకటించినది. అందు స్వదేశీ పద్ధతులను పరీక్షించు చిన్న కర్మాగారములకును ఒక భాగము కేటాయింపబడినది. బొగ్గు సింగరేణిది, విద్య హైదరాబాదుది, యూరియా చేయు అనుభవము రామగుండముది. ఈ మూడింటిని ఒకచోట కూర్చుటకు గోదావరి యొడ్డుకన్న అనువైన తావు మాకు కానరాదు.

కనుక మేము కోరునవి మూడు. మొదటిది, హైదరాబాదున నిరూపింపబడిన పద్ధతితో ఒక మధ్యస్థాయి కర్మాగారమును సింగరేణి తన లాభములలో కొంత వెచ్చించి రామగుండము, శ్రీరాంపూర్ సీమననే నెలకొల్పవలెను. అది మొదటి యేండ్లలో నష్టపడవచ్చును. ఆ నష్టమును పాఠశాల జీతముగ నెంచవలెనేగాని 1999లో వలె మరణశాసనముగ నెంచరాదు. రెండవది, సింగరేణి ఏటేట కొను విడిభాగముల జాబితాను బహిరంగముగ ప్రకటించి, ఇచట చేయదగినవానికి అయిదేండ్ల కొనుగోలు హామీ నీయవలెను. మంచిర్యాల, గోదావరిఖనిలలోని చిన్న వర్కుషాపులవారికి నేర్పు లేక కాదు. ఈయేడు కొని మరుసటి యేడు కొనరేమో యన్న భయముచేతనే వారు మంచి లేతు మరను కొనుటకు అప్పు చేయ వెనుదీయుచున్నారు. మూడవది, యూరియా కర్మాగారము ఏటి మరమ్మతులను వానకారు రాకమునుపే ముగించి, ముఖ్యమైన విడిభాగములను ముందుగనే నిలువ చేసికొనవలెను. నాట్లవేళ యంత్రము ఆగుట రైతునకు కఱవుతో సమానము.

బొగ్గు శాశ్వతము కాదనియు, దానిని వాయువుగ మార్చినను పొగ పోదనియు మా కెఱుకయే. శ్రీరాంపూర్ భూగర్భ గనులలో కొన్ని వృద్ధాప్యమున నున్నవి. కనుకనే త్వరపడుమనుచున్నాము. గని ఖాళీ యైనపిదప ఈ సీమ ప్రజలకు మిగులునది రెండింట నొకటి: నీరు నిండిన గోతులైనను కావలెను, చేయనేర్చిన చేతులైనను కావలెను. నేర్పు మిగిలినచో ఆ చేతులు రేపు మఱియొక ముడిపదార్థముతో మఱియొక వస్తువును చేయగలవు. అది మిగులనిచో గోతులే మిగులును.

దేశోత్పత్తిలో వస్తునిర్మాణపు వంతును నూటికి 25కు పెంచెదమని 2011లో కేంద్రము ఒక విధానమున ప్రకటించెను. నేటికిని అది ఆ లక్ష్యమునకు చాల దూరముననే యున్నది. ప్రకటనలచే ఆ వంతు పెరుగదు. భూమి నిచ్చిన రైతును, గని జీతముపై బ్రదుకు పట్టణమును కలసి తమ ప్రతినిధులను పట్టుకొని అడిగిననాడే పెరుగును. ఎన్నికలవేళ రోడ్లను గూర్చియు, పెన్షనులను గూర్చియు అడుగుచున్నారు. మంచిదే. ఇకమీదట ఈ ప్రశ్నను కూడ అడుగుడు: మా యూర త్రవ్విన బొగ్గుతో మా యూర ఏ వస్తువును చేయించెదరు? దీనికి స్పష్టమైన సమాధానము చెప్పువాడే ఈ సీమ ప్రజల వోటునకు అర్హుడు. రాబోవు వానకారునందు సహకార సంఘము వాకిట చెప్పుల బారు మరల కనబడినచో, ఆ తప్పు అడుగవలసిన మనయందును కొంత యున్నదని మేము భావింతుము.